పదిమంది గొంతుకు అందే పాట: సుద్దాల హనుమంతు గేయరచన, దాని గానపరంపర

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటాన్ని (1946-51) గురించి వచ్చిన గ్రంథాల్లో ఆనాటి పాటల ప్రస్తావన తరచుగా కనిపించినా, ఆ పాటలు కట్టినవారి రచనావిధానాన్ని విడిగా పరిశీలించిన సందర్భాలు తక్కువ. నల్లగొండ జిల్లాకు చెందిన సుద్దాల హనుమంతు ఇందుకు మంచి ఉదాహరణ. ఆయన స్వయంగా పాట రాసి, బాణీ కట్టి, గజ్జె కట్టి ఆడిన వాగ్గేయకారుడు. అయితే ఆయన రచనల్లో అత్యంత ప్రసిద్ధమైన ‘పల్లెటూరి పిల్లగాడా’ను తర్వాతి తరాలు ఎక్కువగా ఇతరుల గొంతులోనే విన్నాయి. ఇతరులు పాడటం వల్ల ఆయన పాట వ్యాపించిందన్న మాట నిజమే కాని, అది సగం నిజం మాత్రమే. ఇతరులు ఎత్తుకోవడానికి అనువుగానే ఆయన పాటను కట్టాడనీ, ఆ అనువు బాణీలోనూ చరణాల అల్లికలోనూ స్పష్టంగా కనిపిస్తుందనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

జీవితం, ఉద్యమం

హనుమంతు ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో పూర్వపు నల్లగొండ జిల్లా మోత్కూరు ప్రాంతంలోని పాలడుగులో ఒక చేనేత కుటుంబంలో పుట్టి, తర్వాత సుద్దాలలో స్థిరపడి, ఆ ఊరి పేరే ఇంటిపేరుగా ప్రసిద్ధుడయ్యాడు. చిన్ననాటి నుంచే యక్షగానాలు, హరికథలు, భజనలు ఆయనను ఆకర్షించాయి. కొంతకాలం హైదరాబాదులో చిన్న ఉద్యోగం చేసి, దానిని వదులుకుని ఊరికి తిరిగివచ్చి ఆయుర్వేద వైద్యం చేశాడు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ ఆయనను ఉద్యమంలోకి నడిపించింది. సుద్దాలకే చెందిన గుర్రం యాదగిరిరెడ్డి వంటి సహచరులతో కలిసి ఊళ్లో సంఘాన్ని నిలబెట్టి, కళాకారుల దళంతో పల్లెలు తిరిగాడు. ఆయన సహధర్మచారిణి జానకమ్మ కూడా ఈ పోరాటంలో పాలుపంచుకుంది.

ఆ కాలపు పల్లె జీవితాన్ని రెండు మాటల్లోనైనా చెప్పుకోకపోతే ఈ పాటల అవసరం అర్థం కాదు. దేశ్‌ముఖులు, జాగీర్దార్లు పాలించే గ్రామాల్లో ప్రతి వృత్తికులమూ దొర గడీకి, అంటే భూస్వామి కోటలాంటి ఇంటికి, కూలి లేకుండా చేయవలసిన చాకిరిని వెట్టి అనేవారు. అప్పు తీర్చలేని తల్లిదండ్రుల పిల్లలు చిన్న వయసులోనే పశువుల వెంట జీతానికి కుదిరేవారు. దీనికి తోడు 1929లో వెలువడిన ‘గస్తీ నిషాన్ తిరపన్’ అనే ఉత్తర్వు ముందస్తు అనుమతి లేని సభలను నిషేధించింది. బహిరంగంగా ఉపన్యసించే వీలు లేనిచోట కథాగానం, వేషం, పాట ఆ బాధ్యతను తలకెత్తుకున్నాయి. ఉపన్యాసానికి వక్త కావాలి. పాటకు మాత్రం విన్న ప్రతివాడూ గాయకుడు కాగలడు.

బాణీ, వంత, చరణం

హనుమంతు ఎన్నుకున్న ప్రక్రియలన్నీ అప్పటికే జనం చేతిలో ఉన్నవే. గొల్ల సుద్దులు, పిట్టల దొర, ఫకీరు వేషం, బుర్రకథ, యక్షగానం వీటిలో ముఖ్యమైనవి. గొల్ల సుద్దుల్లో గొంగడి, కర్ర ధరించిన ప్రధాన గాయకుడు కథ చెబుతుంటే, పక్కనున్నవారు వంత పాడతారు. అంటే పల్లవిని అందుకుని తిరిగి పలుకుతారు, మధ్యమధ్య సందేహాలు అడిగి కథను ముందుకు నడుపుతారు. కోస్తా జిల్లాల్లో 1943 తర్వాత ప్రజానాట్యమండలి, ముఖ్యంగా నాజర్, బుర్రకథను రాజకీయ ప్రచార సాధనంగా తీర్చిదిద్దినట్లే, హనుమంతు గొల్ల సుద్దులను వెట్టిచాకిరిని ప్రశ్నించే రూపంగా మలిచాడు. బాణీ తెలిసినదే కావడంతో శ్రోత నేర్చుకోవలసింది మాట మాత్రమే. వంత ఉండటంతో ఆ మాట అక్కడికక్కడే అతని నోటికి వచ్చేది.

‘పల్లెటూరి పిల్లగాడా’ నిర్మాణాన్ని దగ్గరగా పరిశీలిస్తే ఈ విషయం మరింత తేటపడుతుంది. ఆ పాట ఒక పసుల కాపరి బాలుణ్ని నేరుగా సంబోధిస్తుంది. అతని ఒంటికి చాలని చిరిగిన అంగీని, వానకూ చలికీ తలమీదుగా కప్పుకునే గోనెపట్టా కొప్పెరను, దానికి పడిన చిల్లులను, తాటి జగ్గలతో చేసుకున్న కాలిజోడును ఒక్కొక్కటిగా చూపుతుంది. ఎక్కడా దొరను తిట్టదు, సిద్ధాంతం చెప్పదు. బాలుణ్ని ప్రశ్నలు అడుగుతూ పోతుంది. ఆ ప్రశ్నలకు బాలుడు జవాబు చెప్పడు కాబట్టి, జవాబు చెప్పవలసిన బాధ్యత వినేవారి మీద పడుతుంది. చరణాలు కథలా ఒకదాని మీద ఒకటి ఆధారపడవు; ప్రతి చరణమూ తనంత తానుగా నిలుస్తుంది. అందువల్ల గాయకుడు ఒక చరణం మరిచినా, వరుస మార్చినా పాట దెబ్బతినదు. పైగా ఇందులో పాడే వ్యక్తి ‘నేను’ అని ఎక్కడా ముందుకు రాడు గనుక, తల్లి పాడినా, తోటి కూలీ పాడినా, పట్నం నుంచి వచ్చిన విద్యార్థి పాడినా ఆ సంబోధన వారి సొంతమే అవుతుంది.

తెలిసిన బాణీలో కొత్త మాట నింపే ఈ పద్ధతి ఒక్క తెలంగాణకే పరిమితం కాదు. హనుమంతుకు సమకాలికుడైన అమెరికన్ గాయకుడు వుడీ గత్రీ 1940లో రాసిన ‘దిస్ ల్యాండ్ ఈజ్ యువర్ ల్యాండ్’కు కార్టర్ ఫ్యామిలీ బృందం పాడిన పాట బాణీయే ఆధారం, దానిని పీట్ సీగర్ మొదలైనవారు ఊరూరా వినిపించారు. ఒకరినొకరు ఎరగని ఇద్దరు కవులు ఒకే మార్గాన్ని పట్టడానికి కారణం, ఇద్దరూ శ్రోతను భావి గాయకుడిగా చూడటమే.

ఇతర గళాలు

పాట మరొక గొంతుకు చేరినప్పుడు దాని ఆయుష్షు పెరగడంతో పాటు కర్తృత్వం మసకబారే ప్రమాదమూ ఉంది. 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా రూపొందిన ‘మా భూమి’ చిత్రం ఈ రెండింటినీ చూపుతుంది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా తీసిన ఈ చిత్రంలో హనుమంతు పాటను సంధ్య పాడింది. ఊరి మైదానంలో వంతతో సాగవలసిన పాట స్త్రీ గొంతులో లాలిత్యాన్ని, తల్లి ఆర్తిని సంతరించుకుంది. అదే చిత్రంలో నల్లగొండ ప్రాంతపు పోరాట కవి బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి కట్టి’ని గద్దర్ తెరమీద కనిపించి పాడాడు. ఆ గానం ఎంత బలంగా నాటుకుపోయిందంటే, పాట గద్దర్ రచనేనని నమ్మేవారు నేటికీ ఉన్నారు.

దక్షిణ తెలంగాణలో ఈ పరంపర పోరాట కాలంతో ఆగిపోలేదు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా తెలకపల్లి మండలం గౌరారంలో 1963లో పుట్టిన గోరటి వెంకన్న రచన ‘పల్లె కన్నీరు పెడుతుందో’ను 2002లో ‘కుబుసం’ చిత్రం కోసం వందేమాతరం శ్రీనివాస్ పాడగా అది ఇంటింటికీ చేరింది. అయితే వెంకన్న వేదికల మీద తానే పాడుతూ, ఆడుతూ ఉండటం వల్ల, 2021 సంవత్సరానికి ‘వల్లంకి తాళం’ కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందటం వల్ల, ఆయన పాట ఎవరు పాడినా కర్త పేరు చెరిగిపోలేదు. నిర్బంధంలో, చాలావరకు నోటిమాటగా పాటను నడిపిన హనుమంతు తరానికి ఈ అవకాశం దక్కలేదు. 1982లో ఆయన మరణించాక కుమారుడు సుద్దాల అశోక్ తేజ సినీగేయ రచయితగా ఎదిగి, 2003 నాటి ‘ఠాగూర్’లోని ‘నేను సైతం’ పాటకు జాతీయ పురస్కారం అందుకోవడం, తల్లిదండ్రుల పేరిట పురస్కారాన్ని నెలకొల్పడం ఆ పేరును తిరిగి వెలుగులోకి తెచ్చాయి.

ముగింపు

పై పరిశీలన వల్ల రెండు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, ఉద్యమ గేయం విషయంలో మూలగానం గొప్పదా, పునర్గానం గొప్పదా అనే తులన నిలవదు. తెలిసిన బాణీ, వంత, విడివిడిగా నిలిచే చరణం, గాయకుడెవరైనా చెల్లే సంబోధన అనే నాలుగు లక్షణాల ద్వారా హనుమంతు తన పాటలో ఇతరులకు ముందే చోటు పెట్టాడు. రెండవది, పాటను అందరిదిగా భావించడం, కట్టినవాణ్ని మరచిపోవడం ఒకటి కావు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఈ పాటలను నోటికి నేర్చిన వృద్ధులు ఉండగానే, ఏ చరణం ఏ ఊళ్లో ఎలా మారిందో పాఠాంతరాలతో సహా రికార్డు చేసి, ప్రతి పాఠం పక్కన కవి పేరునూ పాడినవారి పేరునూ నమోదు చేయడం విశ్వవిద్యాలయాల జానపద, తెలుగు శాఖలు వెంటనే చేపట్టవలసిన పని. పాట కట్టినవాడికీ, దానిని మోసుకొచ్చిన గొంతులకూ ఒకేసారి న్యాయం చేయగల మార్గం అదే.