మాతృభాషా మాధ్యమం (గోదావరి జిల్లాలు)

మాతృభాషా మాధ్యమం అనగా పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలోనే బడిలో పాఠాలు బోధించే విధానం. గోదావరి జిల్లాలలో దీనిపై చర్చ ప్రధానంగా తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాల మధ్యనే జరుగుతుంది. అయితే ఏజెన్సీలోని అనేకమంది కోయ పిల్లలకు తెలుగు కూడా బడిలో నేర్చుకోవలసిన భాషే.

భాషా నేపథ్యం

డెల్టా గ్రామాలలో తెలుగు ప్రధాన భాష. మన్యంలోని కొండరెడ్ల మాతృభాష కూడా తెలుగే. చింతూరు, కూనవరం, వేలేరుపాడు వంటి మండలాలలోని కోయలలో కొందరు తెలుగుకు మారినా, పలువురు కోయభాష మాట్లాడుతారు. ఇది గోండికి దగ్గరి ద్రావిడ భాష. తెలుగుతో బంధుత్వమున్నా పదాల అర్థాలు అన్నిచోట్లా ఒక్కటి కావు. ఉదాహరణకు తెలుగులో ఏరు అంటే నది లేదా వాగు. కోయలో ఆ మాటకు నీరు అని అర్థం. అందువలన కోయ విద్యార్థి తెలుగు వాచకాన్ని పైకి చదివినంత మాత్రాన విషయం బోధపడినట్లు కాదు.

చరిత్ర

గిడుగు రామమూర్తి (1863-1940) పర్లాకిమిడిలో ఉండగా సవర భాష నేర్చుకొని, అందులో పుస్తకాలు వ్రాసి, సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టించాడు. 1936లో పర్లాకిమిడి ఒడిషాలో చేరడంతో రాజమండ్రి వచ్చి స్థిరపడ్డాడు. ఆయన జన్మదినమైన ఆగష్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు.

బహుభాషా విద్య

భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం రాష్ట్రాలకు సూచిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో ఎనిమిది గిరిజన భాషలలో బహుభాషా విద్యను ప్రారంభించింది. వాటిలో కోయ ఒకటి. ఇది అప్పటి ఖమ్మం జిల్లాలో అమలైంది. ఆ జిల్లాలోని కొన్ని మండలాలు 2014లో ఉభయ గోదావరి జిల్లాలలో కలిశాయి.

ఈ పద్ధతిలో పిల్లలు మొదట ఇంటి భాషలో చదవడం, వ్రాయడం, లెక్కలు నేర్చుకుంటారు. తెలుగును క్రమంగా పెంచుతారు. వాచకాలు తెలుగు లిపిలోనే ఉండడంవలన తరువాత మళ్ళీ అక్షరాలు దిద్దే అవసరం ఉండదు. అయితే ఉపాధ్యాయునికి పిల్లల భాష రాకపోతే వాచకం వలన ప్రయోజనం తక్కువ. ఒకే తరగతిలో రెండు భాషల పిల్లలుండడం మరొక ఇబ్బంది.

ఇంగ్లీషు మాధ్యమం

ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుండి ఆరు తరగతులకు ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ 2019 నవంబరులో వెలువడిన ఉత్తర్వులను రాష్ట్ర హైకోర్టు 2020 ఏప్రిల్ 15న కొట్టివేసింది. ఇంగ్లీషు లేనిదే ఉద్యోగాలు రావన్నది మాధ్యమం మార్పును కోరేవారి వాదన. తెలిసిన భాషలో పునాది పడితే రెండవ భాష సులువుగా వస్తుందన్నది మాతృభాషావాదుల సమాధానం. తెలుగు పిల్లల కొరకు చెప్పే ఈ సమాధానం కోయ పిల్లలకు కోయభాష విషయంలోనూ వర్తిస్తుంది.