ఫొటోకి మెరుగులు - ఎవరి ఇష్టం?

ఫొటోకి మెరుగులు దిద్దడం ఫోన్లతో పాటు వచ్చిన అలవాటు అనుకుంటాం కానీ, అది దాదాపు ఫొటో అంత పాతది. 1839లో ఫ్రాన్సులో డాగెర్ పద్ధతి లోకానికి తెలిసింది. ముఖం అచ్చు గుద్దినట్టు వచ్చింది గానీ రంగు లేదు. కొద్ది ఏళ్ళలోనే సన్నని కుంచెతో బుగ్గల మీద రంగుపొడి అద్దడం మొదలుపెట్టారు.

మన దేశంలో ఆ పని పటాలు వేసే చిత్రకారుల చేతికి వెళ్ళింది. రాజస్థాన్‌లోని నాథద్వారాలో భక్తుల ముఖాలను ఫొటోల్లోంచి కత్తిరించి, శ్రీనాథుడి పటంలో అతికించి, చుట్టూ బట్టలూ నగలూ రంగులతో వేసేవారు. అది మోసమని ఎవరూ అనుకోలేదు. దేవుడి పక్కన నిలబడాలన్నది వాళ్ళ కోరికే కదా!

ఇంగ్లండులో మాత్రం గొడవైంది. 1858లో హెన్రీ పీచ్ రాబిన్సన్ అయిదు నెగటివ్‌లు కలిపి, చావుబతుకుల్లో ఉన్న ఒక అమ్మాయి ఫొటో తయారుచేశాడు. అలాంటి దుఃఖాన్ని ఫొటో తీయడమేమిటని కొందరు నొచ్చుకున్నారు. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ మాత్రం ముచ్చటపడి కొనుక్కున్నాడు. ఒకే ఫొటో, రెండు అభిరుచులు.

తర్వాత 1932లో అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ వంటివాళ్ళు ఒక బృందంగా చేరి, ఫొటో ఫొటోలాగే ఉండాలి, పెయింటింగ్ వేషం వేయకూడదన్నారు. తమాషా ఏమిటంటే, ఆడమ్స్ 1941లో తీసిన చంద్రోదయం ఫొటోలో ఆకాశాన్ని తర్వాతి ప్రింట్లలో చీకటిగదిలో కూర్చుని బాగా నల్లబరిచాడు. ఆయన దృష్టిలో నెగటివ్ సంగీతరచన లాంటిది, ప్రింట్ కచేరీ లాంటిది. మన భాషలో చెప్పాలంటే, కీర్తన ఒకటే, పాడేవారి మనోధర్మం వేరు.

మరి హద్దు ఎక్కడ? మా నాయనమ్మది చామనఛాయ. తాతయ్యతో కలిసి దిగిన ఫొటో లేకపోతే, స్టూడియోవాళ్ళు రెండు విడి ఫొటోలు కలిపి, చీరకి మెంతిరంగు వేసి ఇచ్చారట. ఆవిడే దగ్గరుండి అడిగి వేయించుకుంది. ఈమధ్య మా పిల్లలు అదే ఫొటోని ఏదో యాప్‌లో పెడితే నాయనమ్మ తెల్లగా అయిపోయింది, గడ్డం మీది పుట్టుమచ్చ ఎగిరిపోయింది. అందరూ "ఎంత బావుందో" అన్నారు. నాకు మాత్రం మనసొప్పలేదు. ఆ పుట్టుమచ్చ మా అత్తకీ ఉంది, మా అమ్మాయికీ ఉంది. అది ఎక్కడినుంచి వచ్చిందో రేపు ఎవరికి తెలుస్తుంది?

రెండూ మార్పులే. కానీ మొదటిది ఫొటోలో ఉన్న మనిషి కోరుకున్నది. రెండోది ఆవిడ లేనప్పుడు, ఆవిడ రంగు బాగాలేదని మనం తేల్చేసినది. చీర రంగు అభిరుచి. మనిషి రంగు అభిరుచి కాదండీ.

1957 నాటి మాయాబజార్‌కి 2010లో రంగులద్దినప్పుడు మా ఇంట్లో సగంమందికి నచ్చింది, సగంమందికి నచ్చలేదు. అయినా పోట్లాట రాలేదు. నలుపుతెలుపు మాయాబజార్ ఎక్కడికీ పోలేదు కాబట్టి, ఎవరికి కావలసింది వాళ్ళు చూసుకున్నారు.

అందుకే పిల్లలకి ఒక్కటే చెప్పాను: మీ సరదా మీరు తీర్చుకోండి, కానీ అసలు ఫొటోని చెరపకండి, దాని పక్కనే దాచండి. వెనకాల పేరూ, ఊరూ, వీలైతే చీర రంగూ రాసిపెట్టండి. మీ ఇళ్ళలో పాత ఫొటోలుంటే మీరూ ఆ పని చేయండి, చెప్పగలిగే పెద్దవాళ్ళు ఉండగానే.