జుట్టు రింగుల చరిత్ర: నెస్లర్ నుంచి జ్యూస్ డబ్బాల దాకా

తలస్నానం చేసి, తడి జుట్టుని పాయలుగా తీసి రోలర్లకి చుట్టుకుంటాం. ఆరాక విప్పితే రింగులు. మళ్లీ తలమీద నీళ్లు పడ్డాయంటే ఆ రింగులు మాయం. ఎందుకలా? ఈ చిన్న ప్రశ్న వెనక వందేళ్లకి పైబడిన చరిత్ర ఉంది. ఈ ఎపిసోడ్‌లో దాని గురించి మాట్లాడుకుందాం.

ముందు వెంట్రుక సంగతి చూద్దాం. వెంట్రుక అంటే ప్రధానంగా కెరటిన్ అనే ప్రోటీన్. దాని ఆకారాన్ని నిలబెట్టే బంధాల్లో రెండు రకాలు మనకి ముఖ్యం. మొదటివి హైడ్రోజన్ బంధాలు. ఇవి నీళ్లు తగిలితే విడిపోతాయి, ఆరితే మళ్లీ కలుస్తాయి. ఆరేటప్పుడు జుట్టు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారానికే కుదురుకుంటాయి. రోలరు చేసే పని ఇంతే. రెండోవి గంధకంతో ఏర్పడే డైసల్ఫైడ్ బంధాలు. ఇవి గట్టివి. మామూలు నీళ్లకి లొంగవు, రసాయనాలు కావాలి. శాశ్వతమైన రింగులు కావాలని మనుషులు పడిన తంటాలన్నీ ఈ రెండో బంధాల దగ్గరే.

ఆ తంటాల్లో పెద్ద పేరు కార్ల్ నెస్లర్. జర్మనీలో పుట్టి లండన్‌లో సెలూన్ పెట్టాడు. 1906లో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో తన పద్ధతిని ప్రదర్శించాడు. జుట్టుకి క్షారం పట్టించి, ఇత్తడి కడ్డీలకి చుట్టి, కరెంటుతో వేడి చేసేవాడు. ఆ బరువు తలమీద పడకుండా కడ్డీలని పైనుంచి వేలాడదీసేవాడు. కూర్చున్నావిడ గంటల తరబడి కదలకుండా ఉండాల్సిందే. అంతకుముందు ఈ ప్రయోగం ఎవరిమీద జరిగిందో తెలుసా? ఆయన భార్య కాథరీనా మీద. మొదటి ప్రయత్నాల్లో ఆమె జుట్టు కాలింది, నెత్తిమీద బొబ్బలొచ్చాయి. చరిత్రలో పేరు మిగిలింది ఆయనకి, బొబ్బలు మాత్రం ఆవిడకి.

ఇక షికాగో వెళదాం. అక్కడ మార్జొరీ జాయ్‌నర్ అనే నల్లజాతి మహిళ మేడమ్ సి.జె. వాకర్ కంపెనీలో పనిచేసేది. మాంసం వండేటప్పుడు లోపలిదాకా వేడి అందడానికి గుచ్చే కడ్డీలు చూసి ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. ఒక్కొక్క పాయనీ విడిగా కాల్చే బదులు, జుట్టంతా ఒకేసారి కడ్డీలకి చుట్టి వేడి చేస్తే? 1928లో ఆ యంత్రానికి పేటెంటు వచ్చింది. కానీ హక్కులు కంపెనీకి వెళ్లాయి, ఆ యంత్రం మీద ఆమెకి డబ్బు దాదాపు ఏమీ రాలేదు. అయినా ఆగలేదండి. వేలమందికి పని నేర్పింది, 1973లో, 77 ఏళ్ల వయసులో డిగ్రీ కూడా పుచ్చుకుంది.

1940ల్లో వేడి అక్కర్లేని కోల్డ్ వేవ్ రసాయనాలు వ్యాపించాయి. ఇంత జరిగాక రోలర్లు మూలపడాలి కదా? అలా జరగలేదు. 1960లో అదే షికాగోకి చెందిన మార్గరెట్ విన్సీ హెల్ట్ తేనెపట్టు లాంటి ఎత్తు కొప్పుని తయారుచేసింది. ఆ దశకమంతా ఎత్తు జుట్టు ఫ్యాషనే, మన సినిమాల్లోనూ అలాంటి కొప్పులు కనిపిస్తాయి. జుట్టు అంత ఉబ్బుగా నిలవాలంటే పెద్ద రోలర్లు కావాలి. అవి లేని అమెరికా అమ్మాయిలు ఖాళీ ఆరెంజ్ జ్యూస్ డబ్బాలకి జుట్టు చుట్టుకున్నారు. రోలర్లతోనే నిద్రపోయినవాళ్లకి లెక్కలేదు. లండన్‌లో విడాల్ సాసూన్ చేసిన ‘ఫైవ్ పాయింట్’ కట్ లాంటివి వచ్చాక ఆ శ్రమ తగ్గింది. కత్తిరింపులోనే ఆకారం ఉంటే చుట్టడం దేనికి?

ఈ మధ్య నేనూ ఇంట్లో ఒక పద్ధతి ప్రయత్నించాను. నుదుటి నుంచి మెడ దాకా నడినెత్తిన ఒకే వరుస ముందు చుట్టి, తర్వాత రెండు పక్కలూ చుట్టడం. పాయ వెడల్పు రోలరు పొడవుని మించకూడదు, కొసలు నున్నగా దువ్వాలి, పూర్తిగా ఆరేదాకా విప్పకూడదు. రింగులు చక్కగా వచ్చాయి. సాయంత్రం బీచ్ రోడ్డుకి వెళ్లొచ్చేసరికి సగం దిగిపోయాయి. మా విశాఖ గాలిలో తేమ అలాంటిది. హైడ్రోజన్ బంధాల పాఠం కళ్లముందే కనిపించింది!

దిగిపోవడం రోలరుకి లోపమని అందరూ అంటారు. నాకైతే అదే దాని మంచితనం అనిపిస్తుంది. శాశ్వతం కోసం కాథరీనా జుట్టు కాలింది. రోలరు మాత్రం ఆకారాన్ని అరువిచ్చి, నీళ్లు తగలగానే మన జుట్టు మనకి తిరిగిచ్చేస్తుంది. రేపు ఇంకోలా ఉండాలనిపిస్తే ఉండొచ్చు. ఆ స్వేచ్ఛ చిన్నదేం కాదు.

మీ ఇళ్లల్లో పెద్దవాళ్లు జుట్టు ఎలా సెట్ చేసుకునేవారో ఒకసారి అడిగి చూడండి, బోలెడు కథలు చెబుతారు. మరో ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.