రెండు డబ్బాలు

చెప్పులు అరుగు కింద విడిచి, తల కాస్త వంచి లోపలికి రండి. ఝార్ఖండ్‌లోని సిద్ధగోరాలో శ్రావణమాసపు పొద్దు. రాత్రంతా కురిసిన వానకి గుమ్మం దాకా బురద. సి షిఫ్టు దిగినవాళ్ల సైకిళ్లు సందులో గంటలు కొట్టుకుంటూ పోతున్నాయి. వంటింట్లోంచి పులుసు కాగుతున్న వాసన. కిటికీ పక్కన మంచం మీద ఆ ఇంటి ముప్పై రెండేళ్ల కొడుకు కూర్చున్నాడు. టీబీ మందులు మొదలుపెట్టి ఇది మూడో నెల.

దగ్గు తగ్గింది, జ్వరం విడిచింది. బరువు మాత్రం 43 కిలోల దగ్గరే ఆగిపోయింది. కంటి కింది రెప్ప లాగి చూపిస్తాడు, ఎరుపన్నది లేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ప్రభుత్వం తిండికని నెలకి ఇచ్చే 1000 రూపాయలతో (2024 నవంబరు ముందు అది 500) తల్లి రోజూ గుడ్లు ఉడకబెట్టి పెడుతోంది. ఆ గుడ్ల బలమంతా ఎక్కడికి పోతున్నట్టు?

సహియా దీదీ వచ్చింది. ఝార్ఖండ్‌లో ఆశా కార్యకర్తని అలాగే పిలుస్తారు. సంచిలోంచి రెండు డబ్బాలు తీసి పెట్టింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8, ఇస్నోఫిల్స్ అనే తెల్లకణాలు ఎక్కువ. అది చూసి డాక్టరు మలపరీక్ష కూడా రాశారట.

దీదీతో హిందీలో మాట్లాడుతున్న తల్లి, నావైపు తిరిగి తెలుగులోకి దిగింది. "ఏటి బావూ, గళ్లకొకటి, దొడ్డికొకటీనా? జబ్బు గుండెల్లో ఉంటే కడుపుతో ఏటి పని?"

అడగాల్సిన ప్రశ్నే. పెరట్లో ఆ గోంగూర మడి చూడండి. మలం కలిసిన తడిమట్టిలో కొంకిపురుగు పిల్లలుంటాయి. ఉత్త పాదం పెడితే చర్మంలోంచి దూరి, రక్తంలో పడి, ఊపిరితిత్తులకే చేరతాయి. అక్కణ్నించి గొంతులోకి పాకి, గుటకతో పాటు పేగులోకి దిగి, గోడ కరిచి నెత్తురు పీలుస్తాయి. ఏలికపాము గుడ్డు నోటితో లోపలికి పోయినా, దాని పిల్లలు నడిచేదీ ఊపిరితిత్తుల దారే. 1922లో జపాన్ డాక్టరు షిమేసు కోయినో ఆ గుడ్లు 2000 తానే మింగి, తన కళ్లెలోనే పిల్లపురుగుల్ని చూశాడు. అంతేకాదు, టీబీ క్రిమి మీదికి దూకాల్సిన ఒంటి బలగాన్ని ఈ పురుగులు మరో వైపు మళ్లిస్తాయి.

అయినా ఈ తల్లికి లేనిపోని ఆశ పెట్టలేను. ఇథియోపియాలో పురుగులున్న టీబీ రోగులకి ఆల్బెండజోల్ అనే పురుగుల మందు ఇచ్చి చూశారు. ఇస్నోఫిల్స్ దిగాయి గానీ, టీబీ మరింత తొందరగా తగ్గిన జాడ కనిపించలేదు. అయితేనేం? ఒంట్లో నెత్తురు నిలవడం చిన్న సంగతా? పాలిపోయిన టీబీ మనిషి కనిపించిన ప్రతిచోటా ఈ రెండో డబ్బా ఎందుకు అడగరన్నదే నా బాధ.

"అయితే పురుగుల మాత్ర ఏసీసుకుంటే, ఆ ఎర్రమాత్రలు ఆపీవచ్చా?"

ఆ మాత్రలతో కొడుకు మూత్రం ఎర్రబడితే నెత్తురనుకుని రాత్రంతా ఏడ్చిన మనిషి.

"వద్దమ్మా, ఒక్కరోజు కూడా ఆపొద్దు. ఆరు నెలలూ వేయాల్సిందే."

దీదీ అప్పటికే మాత్రల అట్ట చింపి అతని చేతిలో పెట్టింది. గ్లాసుడు నీళ్లతో మింగాడు. రెండో డబ్బా అందుకుని లేచాడు. తల్లి గబగబా వంగి, మంచం కింద తడిమి, హవాయి చెప్పులు లాగి అతని పాదాల ముందు పెట్టింది.