సగ్గుబియ్యం ఎక్కడిది?

‘అనాదిగా మన తిండి ఇదే’ అని ఎవరైనా అంటే నాకు సగ్గుబియ్యం పాయసం గుర్తొస్తుంది. అసలది బియ్యమే కాదు. ‘సగ్గు’ అన్న పేరు ఆగ్నేయాసియాలోని సాగో చెట్టుది. మనం తినేది మాత్రం కర్రపెండలం పిండి. ఆ దుంప పోర్చుగీసులతో దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో దిగుమతులు ఆగిపోతే 1943లో సేలంలో తయారీ మొదలైంది. తర్వాత మన సామర్లకోట, పెద్దాపురం వైపూ మిల్లులొచ్చాయి. అలాంటిది ఇప్పుడు ఉపవాసం నాటి ఫలహారమై కూర్చుంది!

తప్పేం లేదు లెండి. నానబెట్టి, గింజ అద్దంలా మెరిసేదాకా ఉడికించి, పాలూ పంచదారా కలిపితే ఆ పిండికే చిక్కబడుతుంది. మామిడి ముక్కలు చల్లారాకే వెయ్యండి, వేడిలో వేస్తే పాలు విరగొచ్చు. పరాయిదని వద్దనుకునుంటే ఈ రుచి మనకి దక్కేదా?