కర్నూలు నవాబు ఫిరంగులు ఎవరి కోసం?

అపరాధ పరిశోధక నవల చేతికి వస్తే చివరి పుట ముందుగా తిరగేసి చూడాలని ఎవరికి ఉండదు? హంతకుడు ఎవరో తెలిసే దాకా మనకు నిద్ర పట్టదు. తెలిసిన మరునాడు ఆ పుస్తకం ఎవరికి ఎరువిచ్చినామో కూడా గుర్తుండదు. చరిత్రలో మాత్రం చివరి పుట చిరిగిపోయిన కథలు కొన్ని ఉన్నవి. వాటిని జనం తరతరాలుగా విడిచిపెట్టరు. అటువంటిది ఒకటి 1839లో మన కర్నూలులో జరిగినది. ఆ కథ మొదట శవం లేదు, హంతకుడు లేడు. దొరికినవి ఫిరంగులు. అవి ఎక్కడ దొరికినవో, ఎవరు పోయించినారో అందరికీ తెలుసును. ఎవరి మీద పేల్చడానికి పోయించినారన్నదే నేటికీ తేలలేదు.

కర్నూలు సంస్థానం పెద్దది కాదు. 1800లో నిజాము దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసినప్పుడు కర్నూలు మీది పెత్తనం కూడా కంపెనీకే సంక్రమించినది. పఠాను నవాబులు ఏటా లక్ష రూపాయలు కప్పం కట్టుకుంటూ గద్దె మీద ఉన్నారు. ఆ గద్దె సుఖమైనదేమీ కాదు. 1815లో నవాబు అలఫ్‌ఖాన్ మరణించగా కుమారుల మధ్య తగవు వచ్చినది. కంపెనీ సైన్యం వచ్చి మునవ్వర్‌ఖాన్‌ను కూర్చోబెట్టినది. 1823లో అతడు పోయినాడు. ఇక వంతు ముజఫర్‌ఖాన్‌ది. తీరా పదవి చేతికి అందే వేళకు అతడు బళ్లారి ప్రాంతంలో తన భార్యను చంపినాడు. కంపెనీవారు అతనిని బళ్లారి కోటలో బంధించి, తమ్ముడు గులాం రసూల్‌ఖాన్‌ను నవాబును చేసినారు. ఈ హత్యను గురించి నేడు ఎవరూ మాట్లాడుకోరు. చంపినవాడు తెలుసు, పడిన శిక్ష తెలుసు; అక్కడితో కుతూహలం చల్లారినది. చనిపోయిన ఆ యిల్లాలి పేరు కథ చెప్పేవారు చెప్పనే చెప్పరు.

గులాం రసూల్‌ఖాన్ పదహారేండ్లు ఏలినాడు. ఈలోగా కాలం మారినది. 1838 చివర కంపెనీ సేనలు అఫ్గనిస్తానం మీదికి కదలినవి. రుష్యావారు వచ్చి పడుతున్నారన్న భయం కలకత్తా నుంచి మద్రాసు దాకా దొరలను పట్టుకున్నది. ఆ సమయంలోనే దక్షిణాన ఒక కుట్ర జాడ నెల్లూరులో బయటపడినది. హైదరాబాదులో నిజాము సోదరుడు ముబారిజుద్దౌలా వహాబీ ఉద్యమంలో చేరి, కంపెనీని కూలద్రోయడానికి నలుదెసలా మనుషులను కూడగట్టుతున్నాడని ఆరోపణ. రెసిడెంటు ఫ్రేజరు దొర పట్టుదల మీద ఆయనను గోలకొండలో నిర్బంధించినారు. 1854లో మరణించే దాకా ఆయన అక్కడే ఉన్నాడు. ఆ కుట్ర దారాలలో ఒకటి కర్నూలు కోటలోకి పోతున్నదని అధికారులు అనుమానించినారు. నవాబు ఆయుధాలు చేరవేస్తున్నాడన్న వదంతి అప్పటికే ఊరు దాటి పోయినది.

1839 అక్టోబరులో మద్రాసు సైన్యం కర్నూలు వచ్చినది. దానితో కర్నల్ డైసు, బ్లేను దొర విచారణాధికారులుగా వచ్చినారు. కోట తలుపులు తెరిచినారు. ఎవరూ ఎదురు నిలువలేదు. మొదటి చూపుకు అక్కడ నేరమనదగినది ఏదీ కనిపించలేదు. అటుపిమ్మట జనానా ఆవరణలు, తోటలు వెదకినారు. పరపురుషుడు అడుగు పెట్టని ఆ గోడల వెనుక లోహం కరిగించే కొలుములు, పోత పోసే అచ్చులు, ఫిరంగులు, గుండ్లు, మందుగుండు రాసులు రాసులుగా బయటపడినవి. లక్ష రూపాయల కప్పం కట్టే సంస్థానానికి ఏమాత్రం పొంతన లేని ఆయుధాగారమది. చూసిన దొరలకు నోట మాట రాలేదని ఊహించడం కష్టం కాదు.

ఇక్కడ మనం కాసేపు ఆగి ఆలోచించవలసి ఉన్నది. ఫిరంగి పోయడం రహస్యంగా జరిగే పని కాదు. లోహం బండ్ల మీద రావాలి, బొగ్గు రావాలి, పనివాండ్రకు రోజూ కూలి ముట్టాలి. కొలిమి పొగ జనానా గోడలను లెక్కచేయదు. కర్నూలు పేటలో కూరగాయలమ్మే మనిషికి కూడా లోపల ఏదో జరుగుతున్నదని తెలిసే ఉండాలి. దొరలకు రహస్యమైనది ఊరికి రహస్యమై ఉంటుందని మేము నమ్మలేము.

కోట పట్టుబడే నాటికి నవాబు తన అరబ్బు, రోహిల్లా సిపాయిలతో ఊరికి చేరువలోని జోహరాపురంలో ఉన్నాడు. జీతపు బాకీలు తీరనిదే నవాబును కదలనివ్వబోమని ఆ సిపాయిలు భీష్మించినారని ఆ దండయాత్ర కథ వ్రాసినవారు చెప్పినారు. అక్టోబరు 18న డైసు సేనలు వారి మీద పడినవి. పోరు కొద్ది సేపే అయినా రక్తం బాగా ప్రవహించినది. నవాబు పట్టుబడినాడు. ఆయనను తిరుచిరాపల్లికి పంపినారు. సంస్థానాన్ని కంపెనీ కలుపుకొన్నది. కుటుంబం వారికి భరణాలు ఏర్పడినవి.

ఫిరంగులు ఎవరి కోసమన్న ప్రశ్నకు ఆనాటి దొరల జవాబు సూటియైనది: వహాబీ కుట్ర కోసం. కుట్ర ఉన్నదనడానికి హైదరాబాదులో విచారణ సంఘమే కూర్చున్నది గనుక ఈ జవాబును త్రోసివేయలేము. అయితే యుద్ధం చేయదలచినవాడు కోట నిండా ఫిరంగులు పెట్టుకొని ఒక్కటైనా పేల్చకుండా తలుపులు ఎందుకు తెరిపించినాడు? తన కోసం చావవలసిన సిపాయిలకు జీతాలు ఎందుకు బాకీ పెట్టినాడు? కొందరికి గుర్రాల పిచ్చి, కొందరికి పావురాల పిచ్చి ఉన్నట్లు ఈయనకు ఫిరంగుల పిచ్చి అని సరిపెట్టుకుందామా అంటే, పిచ్చి గలవాడు తన సొత్తును పదిమందికి చూపుకుంటాడు గాని అంతఃపురంలో దాచడు. ఇక మూడవ మాట, సంస్థానాన్ని మింగడానికి కంపెనీ సాకు వెదకినదన్నది. ఆ సంవత్సరమే సెప్టెంబరులో సతారా రాజు ప్రతాపసింహుని గోవా పోర్చుగీసులతో కుట్ర చేసినాడంటూ గద్దె దింపినారు. ఆ ఆరోపణను ఖండించడానికి రంగో బాపూజీ లండన్‌లో ఏండ్ల తరబడి మొరపెట్టుకున్నాడు. సతారాలో దొరికినవి కాగితాలు. కర్నూలులో దొరికినవి కొలుములు. కంపెనీ ఆశపడినదని ఒప్పుకున్నా, జనానాలో ఫిరంగులను కంపెనీ పోయించలేదు గదా! ఆ మూడింటిలో మొదటిదానికే మా మొగ్గు కొంచెం ఎక్కువ. అయినా తెరిచిన ఆ కోట తలుపులు మమ్మల్ని పూర్తిగా నమ్మనివ్వవు.

ఏడేండ్ల తరువాత జరిగిన మరొక సంగతితో పోల్చితే ఈ కథ తీరు ఇంకా బాగా బోధపడుతుంది. అప్పట్లో కడప జిల్లాలో ఉన్న కోయిలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసినారు. ఆయన శిరస్సును 1877 దాకా కోట గుమ్మానికి వేలాడదీసినారు. ఆయన ఎవరి మీద లేచినాడో, ఎందుకు లేచినాడో పశువుల కాపరికి కూడా తెలుసు. అందుచేత ఆయన పాటగా నిలిచినాడు. నవాబు ఎటువైపువాడో తేలలేదు. అందుచేత ఆయన మీద వాదం పుట్టినది. ఫిరంగుల మాట ఎత్తితే ఇద్దరు కూర్చున్న చోట మూడు అభిప్రాయాలు వస్తవి.

కర్నూలులో డిప్యూటీ కలెక్టరుగా పని చేసిన నరహరి గోపాలకృష్ణమశెట్టి 1886లో వెలువడిన కర్నూలు జిల్లా మాన్యువలు వ్రాసినాడు. 1872లో శ్రీరంగరాజ చరిత్రమనే నవలను తెలుగువారికిచ్చినవాడూ ఆయనే. మన తొలి నవలాకారులలో ఒకడైన మనిషి ఈ నవాబు కథను సర్కారు గ్రంథానికి వదలి, నవలకు ఎత్తుకోలేదు గదా అని మాకు అప్పుడప్పుడు బెంగ కలుగుతుంది.

తిరుచిరాపల్లిలో నవాబు ఎంతో కాలం బ్రతుకలేదు. 1840లో ఆయన హత్యకు గురియైనాడు. చంపినది సొంత సేవకుడే అంటారు. నవాబు క్రైస్తవ మతం వైపు మొగ్గుతున్నాడన్న అనుమానంతో పొడిచినాడని ఒక కథ. అది నిజమైతే, వహాబీల కోసం ఫిరంగులు పోయించినాడని పట్టుబడిన మనిషి ఏడాది తిరగకుండానే చర్చి గుమ్మం వైపు చూసినాడన్నమాట. నిజం కాకపోతే ఆ సేవకుని చేతికి కత్తి ఎందుకు వచ్చినట్లు? కొలుముల సంగతి చెప్పగల నోరు మాత్రం ఆ కత్తితో మూతపడినది.