సెయింట్ హెలీనా దీవి పాఠశాల

అన్నదానముకంటె విద్యాదానము గొప్పదని మన పెద్దలు చెప్పుదురు. దానముమాట యటుండగా, దాతయెట్టివాడుగా నుండవలయునని విచారించినవారు తక్కువ. బీదల పిల్లలు చదువు బడికి, వేఱెచ్చటను బనికిరాని యుపాధ్యాయుని బంపుట లోకాచారముగా నున్నది. నా యుద్యోగకాలమున మారుమూల పల్లెకు బదిలీ యనిన శిక్ష యనియే యందఱు నెంచెడివారు. ఈ యాచారమునకు విరుద్ధముగా నొకచోట జరిగిన చరిత్రను మహాసభా సంచికను జదువు సోదరుల యెదుట నుంచుచున్నాను.

సెయింట్ హెలీనా యనగానే నెపోలియను చెఱ జ్ఞప్తికి వచ్చును. అది వేఱు. ఇది అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణ కరోలినా తీరమునందలి ప్రత్తితోటల దీవి. ఆ తోటలలో బాటుపడినవారు నల్లజాతి బానిసలు. బానిసకు వ్రాత నేర్పుట నేరమని యచ్చట 1740లోనే శాసనము పుట్టెను. 1834లో చదువు నేర్పుటయు నేరమయ్యెను. అంతర్యుద్ధమున, 1861 నవంబరు 7వ తేదీని, ఉత్తరపు నౌకాదళము పోర్టు రాయల్ రేవును బట్టుకొనగా దొరలు తోటలు విడిచి పాఱిపోయిరి. ఆ ప్రాంతపు దీవులలో దాదాపు 10,000 మంది, దొరలు లేకయు, చట్టరీత్యా స్వతంత్రులు గాకయు మిగిలిపోయిరి.

1862 మార్చిలో న్యూయార్కు నుండి యొక యోడపై 53 మంది యాదీవులకు బయలుదేఱిరి. వారిలో స్త్రీలు 12 మంది. విద్యావంతులు, మతబోధకులు, ఉపాధ్యాయులు ఆ గుంపులో నుండిరి. ఉత్సాహమునకు గొఱత లేదు. కాని యెండయు జ్వరములును ఉత్సాహమును జూచి వెనుదీయవు గదా! పలువురు కొలదికాలమునకే తిరిగిపోయిరి.

ఏప్రిలులో లారా టౌన్ అను నామె వచ్చెను. వయస్సు 36 ఏండ్లు. హోమియో వైద్యము నేర్చినది. జూన్‌లో నామె స్నేహితురాలు ఎలెన్ మరే వచ్చి కలిసెను. ఓక్స్ అను తోటలోని యింటి వెనుకగదిలో తొమ్మండుగురితో బడి మొదలయ్యెను. గది చాలకపోగా, కొన్నినెలలకు ఇటుకలతో గట్టిన చర్చికి మార్చిరి. 1855లో ఆ చర్చిని గట్టినవి బానిసల చేతులే. వారు కూర్చుండుటకు మాత్రము మేడమీది వసారాయే గతి. ఇప్పుడు వారి బిడ్డలు క్రింది బల్లలమీద గూర్చుండి యక్షరములు దిద్దిరి.

అక్టోబరులో షార్లెట్ ఫోర్టెన్ వచ్చెను. ఈమె ఫిలడెల్ఫియాలో స్వతంత్రులైన నల్లజాతివారి ప్రసిద్ధ కుటుంబమున బుట్టినది. 1856లో సేలం ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో నుత్తీర్ణురాలైనది. ఉత్తరదేశమున సుఖముగా బ్రతుకగలిగినది. అట్టి యామె, గోడలులేని యొకే సాలలో రెండుమూడు తరగతుల కేకల నడుమ నిలిచి పాఠము చెప్పెను. తల్లిదండ్రులు పొలమునకు బోవుటచే పెద్దపిల్లలు చంటివారిని వెంటబెట్టుకొని వచ్చెడివారు. చంటివారు వలదన్నచో పెద్దవారును రాలేరు. కావున నందఱను రానిచ్చిరి. హైతీలో బానిసల తిరుగుబాటునకు నాయకుడైన టూసాన్ లూవెర్తూర్ కథను ఆ పిల్లలకు జెప్పినది ఫోర్టెనే. తమవంటి రూపుగల మహాపురుషుని గూర్చి వారు వినవలదా?

నన్ను మిక్కిలి యాకర్షించినది వేఱొకటి. టౌన్, మరే యిరువురును పాఠమును దిగజార్చలేదు. ఉత్తరదేశపు మంచి బడులలో జెప్పు వ్యాకరణము, భూగోళము, గణితము, చరిత్ర యిచ్చటను జెప్పిరి. ఈ పిల్లలకు చేతిపని చాలునను వాదము తరువాత ప్రబలినను, వారు చెవినిడలేదు. పల్లెపిల్లలకు రామశబ్ద మెందులకని నన్నడిగినవారు పెక్కండ్రు. పట్టణపు పిల్లలకెందులకని యొక్కరును నడుగలేదు.

ఫోర్టెన్ యారోగ్యము చెడి 1864లో వెడలిపోయెను. ఆమె యట్లాంటిక్ మాసపత్రికలో నాయేడు వ్రాసిన వ్యాసములు ఆ దీవిని లోకమునకెఱిగించినవి. 1865లో బడికి సొంతభవనము ముక్కలుముక్కలుగా ఓడమీద వచ్చి చర్చికెదుట నిలిచెను. పెన్ పాఠశాల యని పేరిడిరి. 1872లో విముక్తుల సహాయమునకై యేర్పడిన ప్రభుత్వశాఖ మూతబడెను. 1877 తరువాత రాష్ట్రపాలన మరల పాతవారి చేతబడెను. ఉత్తరపు సంఘముల యుత్సాహము చల్లారెను. టౌన్ మాత్రము కదలలేదు. కుటుంబపు సొమ్ము తోడుగా బడి నడపెను, రోగులకు మందిచ్చెను, పెద్దపిల్లలకు బోధనాశిక్షణ నిప్పించెను. అక్కడ జదివినవారే చుట్టుపట్ల దీవుల బడులలో నుపాధ్యాయులైరి. ప్రతిభగలవారు వచ్చుట యొక యెత్తు. తమ స్థానమును నింపగలవారు ఆ నేలనుండియే పుట్టువఱకు నిలుచుట మఱియొక యెత్తు. మొదటిదానికి ఉత్సవములు చేయుదుము, రెండవదానికి ఓపిక చాలదు.

మన సంఘములు వసతిగృహములు గట్టించుటలోను, విద్యార్థివేతనము లిచ్చుటలోను వెనుదీయలేదు. ఆ వేతనములతో జదివి పైకివచ్చినవారిలో, పల్లెబడికిబోయి పదియేండ్లు పాఠము చెప్పుదునన్నవారెందఱు? విరాళముల పట్టికను నివేదికలలో నేటేట జూచుచున్నాను. ఈ పట్టికను జూడలేదు. అట్లు పోవువానికి పిల్లనిచ్చుటకు సందేహించువారమును మనమే.

1901లో టౌన్ మరణించెను. ఆమె దేహమును కంచరగాడిద బండిపై రేవునకు గొనిపోవగా, దీవివారు వందలకొలది పాటలు పాడుచు వెంటనడిచిరి. ఎలెన్ మరే యచ్చటనే యుండి 1908లో గతించెను. తరువాత వచ్చినవారు చేతిపనులకు వ్యవసాయమునకు నెక్కువ చోటిచ్చిరి. 1948లో పాఠశాల మూతబడగా పిల్లలు ప్రభుత్వపు బడులకు బోయిరి. ఇటుక చర్చి యిప్పటికిని నిలిచియున్నది.